ఆయనకు గిట్టని పిలుపు

మా అబ్బాయి స్నేహితులందరినీ ‘మామా’ అనే పిలిచేవాడు. అది వింటే మావారికి ఒళ్లు మండేది. “వాడు నీకేం చుట్టంరా?” అని కసిరేవారు.

నిరుడు బైక్ ప్రమాదంలో అబ్బాయి పోయాడు. పెద్దకర్మ రోజు సికింద్రాబాద్ మెట్టుగూడలోని మా మేడ మీద, వాడికిష్టమైన బిర్యానీ ఆకులో పెట్టాం. పెద్దలంతా దండం పెట్టి పిలిచినా కాకి ముట్టలేదు. ఎండ ముదిరింది.

వాడి స్నేహితుడొకడు ఏడుస్తూ ముందుకొచ్చాడు. “రారా మామా, ఓవర్ చెయ్యకు. వచ్చి తిను.”

“ఇదేం పిలుపు?” అన్నారు మా బావగారు.

“పిలవనియ్యి అన్నా. నేను పిలిస్తే వాడెన్నడన్న పలికిండా?” అన్నారు మావారు. తర్వాత తనే తలెత్తి, “రారా మామా” అన్నారు.

కాకి వచ్చిందో లేదో నేను చూడలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఆ మాట అనేది ఆయనొక్కరే, వాడి ఫొటో ముందు.