స్టోర్‌రూమ్ తలుపు

మాది ప్రొద్దుటూరు. నాయనది గుడ్డలంగడి, చిన్నాయనది కిరాణా. మా ఇంట్లో పిల్లలకు నడకకంటే ముందు బేరం వస్తుంది. డాక్టరు సూది తీస్తే ఇంతకంటే చిన్నది లేదా అని అడిగే రకం నేను. ఇప్పుడు కువైట్‌లో, అమ్ఘరాలో పాత తలుపులు, కిటికీలు అమ్మే గోదాములో పని చేస్తాను.

మా అక్క మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. ఆ ఇంట్లోనే ఆమె తల నెరిసింది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ తెల్లవారగానే నిన్నటి ముగ్గు ఊడ్చి, కల్లాపి చల్లి కొత్తది వేసేది. ఇక్కడ వాకిలంతా టైల్సు; మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఒప్పుకోలేదు. ఇల్లు బాగుచేసినప్పుడు పీకేసిన స్టోర్‌రూమ్ తలుపును వెనక సందులో గోడకు ఆనించుకుని, పెయింటర్లు వదిలిపోయిన రంగులు దానిమీద పూయడం మొదలుపెట్టింది. చుక్కలు లేవు, పువ్వు లేదు, చిలక లేదు. రంగు పక్కన రంగు, అంతే. ఫోటో చూపిస్తే నా గదిలో ఉండే గోదావరాయన, "ఏంటండీ, మీ అక్కగారు పెయింటు డబ్బా తన్నేశారా?" అన్నాడు.

అది ఆరిందంటే దానిమీదే ఇంకొకటి. ఏళ్లు గడిచినా అదే తలుపు.

"నిన్నటిది బాగుండె కదక్కా, దానిమీదెందుకు పూసేసినావు?"

"నిన్నటిది నిన్నటికే రా."

"మా గోదాములో బోలెడుండాయి, ఇంకోటి తెచ్చిస్తా."

"ఎందుకు? కిందిదాన్ని బట్టే నాకు పైది తోస్తాది."

పోయిన చలికాలం మామా మనవరాలు చదువు ముగించుకుని వచ్చి ఆ తలుపు చూసింది. ఎవరెవరికో చూపించింది. బొమ్మల గ్యాలరీవాళ్లు వచ్చి తలుపు అంచున పేరుకున్న రంగు పొరలను వేలు పెట్టి లెక్కపెట్టారు. మా ఇంట్లో ఆర్టిస్టు ఉందని మామా చుట్టాలందరికీ చెప్పుకుంది. ఆ సంతోషంలోనే తలుపు గ్యాలరీకి ఇచ్చేసింది. తలుపు వాళ్లింటిదే కదా. అక్క కూడా నవ్వుతూనే పంపింది. ముగ్గుల పోటీలాంటిదే అనుకుంది, చూసేవాళ్లు చూసి పోయాక మళ్లీ మనదే అని.

గ్యాలరీలో ప్రదర్శన మొదటి రోజు అక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. తెల్లటి గోడకు తలుపు, దానిమీద దీపం వెలుగు. మిగతా బొమ్మలు ఎక్కడున్నాయని ఎవరో అడిగారు.

"దాని కిందనే ఉండాయి," అంది అక్క.

మనవరాలు అరబీలో చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. అక్కకు ఎందుకో తెలియలేదు. సంచిలోంచి బ్రష్షు, చిన్న డబ్బా తీసి తలుపు దగ్గరికి నడిచింది. కాపలాదారు అడ్డంగా చెయ్యి పెట్టాడు. మర్యాదగానే.

అక్క నా వైపు తిరిగింది. "అడుగు రా. బేరగాడివి కదా నువ్వు."

అడిగాను. గ్యాలరీ నడిపే ఆమెతో, ఒక్కరోజు ఇంటికి పంపమన్నాను. పోనీ ఒక గంట ఇక్కడే వేసుకోనివ్వమన్నాను. పోనీ ఒక మూల. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, ఇకమీదట దీన్ని ఎవరూ చెరపలేరు, మీ అక్కకు మేమిచ్చే గౌరవం అదే, అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. మోసం చేసేవాడితో బేరమాడతాను, పిసినారితో ఆడతాను. మేలు చేసే మనిషితో ఎలా ఆడాలో మా అంగట్లో ఎవరూ నేర్పలేదు.

తర్వాతి శుక్రవారం గోదాములో ఉన్నవాటిలోకెల్లా మంచి టేకు తలుపు తీసుకుపోయాను. రందా పట్టించి, అద్దంలా చేయించాను. అక్క దానిమీద అరచెయ్యి ఆడించింది. బ్రష్షు రంగులో ముంచి చాలాసేపు నిలబడింది. రంగు చుక్కలు చెప్పుల మీద పడుతున్నాయి.

"కింద ఏమీ లేదు రా," అంది. కొళాయి దగ్గరికి పోయి బ్రష్షు కడిగేసింది.

ఆ పై వారం వెళ్లేసరికి ఆ టేకు తలుపును రెండు పాల ట్రేల మీద పరిచి, దుప్పటి వేసి, ఇంటి మగవాళ్లు తొడిగే పొడుగాటి దిష్‌దాషాలు ఇస్త్రీ చేస్తోంది.

"మంచి తలుపే తెచ్చినావు," అంది తలెత్తకుండా. "ఊగదు."