ఆగండి సారు చెప్పని మాట

ఆ ఆస్పత్రిలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తుండదు. అందరూ పిలిచేది 'ఆగండి సారు' అని. కంప్యూటరు మొరాయిస్తే చాలు, దాన్ని ఆర్పి మళ్లీ వెలిగించాలని అందరికీ చెయ్యి దురద పెడుతుంది. ఆయన ఇంకా మెట్లెక్కుతుండగానే "ఆగండి, ఆగండి, ముట్టుకోకండి" అని కేకేసుకుంటూ వచ్చేవాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో అది ఏదో మొర పెట్టుకుంటూ ఉంటుంది. దాన్ని చదవకుండా ఆర్పేయడమంటే రోగి నోరు నొక్కేసి ఏం బాధని అడగడమేనని ఆయన విసుక్కునేవాడు.

అంతకుముందు ఒక సందులో మేడమీద గదిలో కంప్యూటరు నేర్పే కేంద్రంలో పనిచేశాడు. అది మూతపడ్డాక ఈ ఆస్పత్రిలో చేరాడు. చేరిన కొత్తలోనే ఏదో కార్యాలయం ఎత్తేస్తూ తమ పాత కంప్యూటర్లను ఆస్పత్రికి ఇచ్చేసింది. ఇచ్చేముందు తమ సమాచారం బయటికి పోకుండా హార్డ్ డిస్కులన్నీ పీకేసింది. బుర్ర లేని మొండేలు దేనికి పనికొస్తాయని మేనేజరు వాటిని పాత సామాన్ల గదిలోకి తోయించాడు. ఆయన మాత్రం వాటిని ఒక్కొక్కటే తుడిచి, పైకి మోసుకొచ్చి, మెట్ల కింద గదిలో ఒక్క సర్వరు పెట్టి దాంతోనే అన్నిటికీ ప్రాణం పోశాడు.

ఆ ఏర్పాటు వినడానికి తేలికే. పొద్దున మీట నొక్కగానే డిస్కు లేని కంప్యూటరు తీగ వెంట ఒక కేక వేస్తుంది: నేనెవరిని, నేనేం చెయ్యాలి? సర్వరు ఆ కేక విని జవాబిస్తుంది: నీ నంబరు ఇది, ఫలానా ఫైలు తెచ్చుకో. ఆ ఫైలు వెంట కంప్యూటరును నడిపే లినక్స్ మొత్తం దిగుతుంది. కాసేపట్లో చీటీలు రాసే కౌంటరు నుంచి మందుల గది దాకా తెరలన్నీ వెలుగుతాయి. డాక్టర్లకు ఇవేవీ తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆయన భార్య అదే ఆస్పత్రిలో ప్రసూతి వార్డు హెడ్ నర్సు. ఆయనకంటే ముందు నుంచీ అక్కడే ఉంది. గేటు దాటి లోపలికి వస్తే ఆయన కూడా ఆవిడను అందరిలాగే 'సిస్టర్' అనేవాడు. దీని మీద క్యాంటీన్లో వాళ్లు నవ్వుకోని రోజు లేదు. "పెళ్లాన్ని సిస్టరని పిలిచే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదన్నా" అని ఎలక్ట్రీషియన్ ఆయన మొహం మీదే ఆటపట్టించేవాడు. ఆ ఎలక్ట్రీషియన్ ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తే ఉండే మనిషి. గోడల్లో తీగలన్నీ ఇద్దరూ కలిసే లాగారు. ఆయన్ని 'అన్నా' అనీ, ఆవిడను 'వదినా' అనీ పిలిచేవాడు. వాళ్లింట్లో ఫ్యాను ఆగినా ట్యాపు కారినా వచ్చేది అతనే.

ఒక సోమవారం పొద్దున ఆయన సైకిలుకు స్టాండు వేస్తుండగానే కౌంటరు దగ్గరి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"సార్, నాది లేవట్లేదు. పక్కదీ లేవట్లేదు. ఎక్స్‌రే గదిలో మాత్రం లేచిందట."

"ఆగండి, ముట్టుకోలేదు కదా?"

"రెండు సార్లు ఆపి వేశాను సార్. రెండోసారి లేచినట్టే లేచింది, మళ్లీ పడుకుంది."

హాలు అప్పటికే నిండిపోయింది. కట్లు కట్టుకున్నవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ల వరస గుమ్మం దాటి వీధిలోకి పాకింది. ఆయన కౌంటరు తెర ముందు వంగి చూశాడు. అట్టడుగు వరసలో, తెచ్చుకోవాల్సిన బూట్ ఫైలు పేరు అందలేదని ఉంది. అంటే కేక వేసింది గానీ పూర్తి జవాబు రాలేదు. సర్వరు గదికి వెళ్లి చూస్తే సర్వరు నిక్షేపంగా ఉంది. అడిగినవాళ్లందరికీ జవాబు పంపుతూనే ఉంది. జవాబు మధ్యదారిలో ఎక్కడో పోతోందని ఆయన అనుకున్నాడు.

మధ్యదారి అనగానే ఆయనకు ఆదివారం సంగతి గుర్తొచ్చింది. కొత్త గది గోడ కోసం ముందురోజే ఎలక్ట్రీషియన్ తీగల కట్టను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మార్చాడు. ఇంతలో మేనేజరు వచ్చి నిలబడ్డాడు. మేనేజరు చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ నలగదు, ఆ రోజు మాత్రం చంకలు తడిసి ఉన్నాయి.

"ఏమిటయ్యా ఇది? ఎవరి పని?"

"తీగల్లో ఏదో తేడా సార్. నిన్న కదిలించారు కదా."

ఆ మాట అన్నప్పుడు ఎలక్ట్రీషియన్ నిచ్చెన పట్టుకుని అక్కడే ఉన్నాడు. తీగల కొనలు కత్తిరించి కొత్త కనెక్టర్లు బిగించడం మొదలుపెట్టాడు. బిగించినవి కొన్ని లేచాయి, "హమ్మయ్య" అనుకునేలోగా అవే మళ్లీ పడ్డాయి. తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెను కూడా మార్చారు. లాభం లేకపోయింది. గుమాస్తాలు చేత్తో చీటీలు రాస్తున్నారు, హాల్లో జనం ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటున్నారు.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డాక ఆయన ఒక కుర్చీ లాక్కుని, లేవని కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీద ఉన్నదంతా పైనుంచి చదివాడు. పొద్దుటినుంచీ చివరి వరసే చూస్తున్నాడు. దానికి రెండు వరసల పైన ఆ కంప్యూటరుకు దొరికిన నంబరు ఉంది. ఆ నంబరు ఆయన ఇచ్చే నంబర్ల వరసలోది కాదు. ఎక్స్‌రే గదికెళ్లి లేచిన కంప్యూటరును చూశాడు. దాని నంబరు సరైనదే.

జవాబు పోవడం కాదు, ఇంకెవరో జవాబిస్తున్నారని అప్పుడు అర్థమైంది. తీగ మీద కేక అందరికీ వినపడుతుంది. ఎవరు ముందు పలికితే కంప్యూటరు వాళ్ల మాటే నమ్ముతుంది. పొద్దున అందరూ ఒక్కసారే అడిగేసరికి సర్వరు సతమతమవుతోంది. పనీపాటా లేని పెట్టె ఏదో ముందే పలికేసి నంబరు చేతిలో పెడుతోంది. ఫైలు సంగతి మాత్రం దానికి తెలియదు.

ఆ పెట్టె ఏ సాకెట్టు వెనక ఉందో స్విచ్‌ను అడిగి తెలుసుకున్నాడు. అది ప్రసూతి వార్డు బయట, బంధువులు కూర్చునే హాలు. వెళ్లి చూస్తే గోడవారగా బీరువా వెనక, కిటికీ చువ్వకు గుడ్డపీలికతో కట్టి ఒక పాత రౌటరు ఉంది. ఆకుపచ్చ దీపాలు కులాసాగా మిణుకుతున్నాయి. ఒక మూల పెచ్చు ఊడి ఉంది. కిందటేడు ఇంట్లో ఆయన చేతిలోంచే జారిపడి ఊడిన పెచ్చు అది.

తీగ పీకాడు. కౌంటరుకు ఫోన్ చేసి ఇప్పుడు ఆన్ చెయ్యమన్నాడు. ఒకదాని తరవాత ఒకటి అన్నీ లేచాయి. రౌటరును సంచిలో వేసుకున్నాడు. మేనేజరు ఎదురొచ్చి "దొరికిందా?" అని అడిగితే "సరిపోయింది సార్" అన్నాడు.

"తీగలేనా?"

ఆయన తలాడించాడు. అది అవుననడమో, సరేననడమో మేనేజరు తనకు తోచినట్టు తీసుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో భార్య చెప్పులు విప్పుతూనే అడిగింది. "ఏమండీ, మా హాల్లో వైఫై పోయింది. మన అటక మీది పాత పెట్టె తీసుకెళ్లి పెట్టాను మొన్న శనివారం. కాస్త చూస్తారా? పాపం, ఒకబ్బాయికి కూతురు పుట్టింది. ఊళ్లో ఆ అబ్బాయి తల్లి మంచంలోంచి లేవలేదట, పిల్లను ఫోన్లో చూపిద్దామంటే ఆ గోడల మధ్య సిగ్నల్ రాదు. పచ్చిపిల్లను బయటికి తీసుకెళ్లనివ్వను కదా నేను. అదీ సరిగ్గా రాలేదనుకోండి, కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు."

"పాత పెట్టె. కాలిపోయింది" అన్నాడు ఆయన. "తెచ్చేశాను."

"పోన్లెండి" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. ఆ ఏడు మేట్రన్ పదవికి ఆవిడ పేరే వినిపిస్తోంది. అనుమతి లేని పెట్టె తగిలించి ఆస్పత్రిని ఒక పూట స్తంభింపజేసిందంటే ఆ పదవి గోవిందా. ఆయన ఆలోచన అంతవరకే వెళ్లి ఆగింది.

ఆ వారాంతంలో ఎలక్ట్రీషియన్ తన కోడల్ని పరీక్షకు తీసుకొచ్చాడు. పని అయ్యాక వార్డు గుమ్మం దగ్గర ఊరికే నిలబడ్డాడు. ఎప్పుడూ గలగలలాడే మనిషి అలా నిలబడితే ఆవిడకు వింతగా తోచింది.

"ఏమైందిరా తమ్ముడూ?"

"ఏం లేదు వదినా. ఈసారి కాంట్రాక్టు పొడిగించరంట. తీగలు పాడుచేసి ఓపీ అంతా ఆపేశానంట. నేను కదిలించిన కట్టలో ప్రసూతి వైపు తీగే లేదు, అయినా అక్కడా కంప్యూటర్లు ఆగినయ్. అన్నని అడిగితే చూద్దాంలే అంటాడు, కళ్లలోకి చూడడు."

"ఎప్పటి మాట ఇది?"

"సోమవారం పొద్దున. మధ్యాహ్నానికి అన్న మీ హాల్లోకి వచ్చి ఏదో పీకాడంట, అంతే, అన్నీ లేచినయ్. ఏం పీకాడో మరి."

ఆవిడ ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా ఎత్తుపీట వేసుకుని అటక మీదినుంచి రౌటరు దించింది. ఆయన వచ్చేసరికి అది భోజనాల బల్ల మీద కరెంటుకు తగిలించి ఉంది.

"కాలిపోయిందన్నారు. దీపాలన్నీ వెలుగుతున్నాయే."

ఆయన కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"నీ మీదికి వస్తుందని..."

"నా మీదికి రావాల్సింది నా మీదికి రానివ్వరా? నేనేమన్నా చంటిపిల్లనా? నాకు తెలియక పెట్టాను. తెలిసి దాచింది మీరు. మధ్యలో వాడేం చేశాడు?"

"వాడి ఉద్యోగం దాకా వెళ్తుందనుకోలేదు."

"వెళ్లిందని మీకు ఎప్పుడు తెలిసింది?"

ఆయన చెయ్యి చాచి రౌటరు తీగ పీకాడు. ఆవిడకు అర్థమైంది. ఆ పూట ఇద్దరూ వేరువేరుగా తిన్నారు.

మర్నాడు పొద్దున ఆవిడ తిన్నగా మేనేజరు గదికి నడిచింది. ఆయన వెనకే వెళ్లాడు. గుమ్మం దగ్గర ఆవిడ తిరిగి, "నా తరఫున మాట్లాడటానికైతే రావద్దు. మీది మీరు చెప్పుకోవడానికైతే రండి" అంది. ఆయన లోపలికి వెళ్లాడు.

మేనేజరు ఇద్దరి మాటా విన్నాడు. బల్ల మీది పెచ్చూడిన రౌటరును అటూ ఇటూ తిప్పాడు.

"మీరిద్దరూ ఉండేది ఒకే ఇంట్లోనే కదా?"

"అవును సార్."

"ఈ పెట్టె గురించి ఇంట్లోనే రెండు ముక్కలు మాట్లాడుకుని ఉంటే నా ఓపీ ఆగేది కాదు కదయ్యా."

ఆవిడకు మెమో ఇచ్చారు. మేట్రన్ పదవి సర్జరీ వార్డు హెడ్ నర్సుకు వెళ్లింది. ఎలక్ట్రీషియన్ కాంట్రాక్టు పొడిగించారు. ఎవరి ముందు తీగల తప్పన్నాడో వాళ్ల ముందే, కౌంటరు దగ్గర నిలబడి, తీగల్లో తప్పేమీ లేదనీ, అది తెలిసి కూడా తాను చెప్పలేదనీ ఆయన చెప్పాలన్నాడు మేనేజరు. ఆయన చెప్పాడు. హాలు రణగొణలో వెనకవాళ్లకు వినపడక రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఎలక్ట్రీషియన్ విని, "పెద్దవారు, మీరలా అనకూడదు సార్" అన్నాడు.

ఆ 'సార్' ఆయనకు ఏ మెమో కన్నా గట్టిగా తగిలింది.

తరవాత ఆయన చెయ్యాల్సింది చేశాడు. సర్వరు తప్ప మరే పెట్టె నంబర్లు పంచబోయినా ఆ సాకెట్టు అప్పటికప్పుడే మూగబోయేలా స్విచ్‌కు నేర్పాడు. ప్రసూతి హాలుకు కంప్యూటర్ల తీగతో సంబంధం లేకుండా విడిగా వైఫై పెట్టాలని మేనేజరు చుట్టూ తిరిగి ఒప్పించాడు. దాని తీగ లాగింది ఎలక్ట్రీషియనే. నిచ్చెన మీదినుంచి "ఇంకొంచెం వదలండి సార్", "అక్కడ మలుపు ఉంది సార్" అన్న మాటలే తప్ప వేరే మాట లేదు. భోజనం వేళకు ఎవరి డబ్బా వాళ్లు విప్పుకున్నారు.

ఇంట్లో భార్య కొన్నాళ్లకు మామూలుగానే మాట్లాడింది. మేట్రన్ పదవి ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, బట్టలు మడతపెడుతూ, "అది పోయినందుకు నాకేం లేదు. మీరు నన్ను ఒక్క మాట అడగలేదు చూడండి, అదే" అంది. ఆయన మడతపెట్టాల్సిన దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు. దుప్పటి మడతపడ్డాక ఆవిడ ఇంకో దుప్పటి తీసింది.

ఎలక్ట్రీషియన్ ఇప్పటికీ వాళ్లింటికి వస్తాడు. మొన్నీమధ్య వంటింట్లో ట్యూబులైటు మార్చాడు. "వదినా, టీ వద్దు, ఇప్పుడే తాగా" అని ఆవిడతో నవ్వుతూ మాట్లాడాడు. ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. అతను దిగాక "జాగ్రత్త, తల మీద గోడ అలమర" అన్నాడు. అతను తల వంచి తప్పుకుని, "చూశాన్సార్" అని, నిచ్చెన మడిచి భుజాన వేసుకున్నాడు.