మా బావగారు వేసిన ఒక్క వాటా

మా బావగారు పోయారు. పొద్దున్నే మా మేనకోడలు ఫోన్ చేసి "మావయ్యా, నాన్న..." అని ఆగిపోయింది. "బయల్దేరుతున్నానమ్మా" అన్నాను.

నాకు మాటలు తక్కువ. మా ఊళ్ళో బడి ఎంతవరకు ఉందో అంతవరకే నా చదువు. అలాంటివాణ్ణి కాగితం ముందు కూర్చోవడానికి ఒక కారణం ఉంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఎవరినీ పల్లెత్తు మాట అనలేదనీ, అందరినీ క్షమించారనీ రాయడం మామూలు. మా బావగారి గురించి అలా రాస్తే అబద్ధం. ఆయన ఒక మనిషిని క్షమించలేదు. నేనూ క్షమించలేదు. అది చెప్పకుండా ఆయన్ని తలుచుకోవడం నాకు చేతకాదు.

మాది కాలవ కింద ఊరు. అక్కని మెట్టకి ఇచ్చారు. కోరుకొండ దాటి లోపలికి వెళ్తే కొండవాలున జీడితోటలు, మామిడితోటలు, కర్రపెండలం చేలు. ఆ పెండలం చేలో అడవిపందులు పడితే తెల్లారేసరికి నాగలి దున్నినట్టు ఉండేది. అందుకని ఆ రోజుల్లో పంట కాపలాకి కొందరికి తుపాకీ లైసెన్సులు ఇచ్చేవారు. బావగారిది గొట్టంలోకి మందు కూరి, గుండు దించి పేల్చే నాటు తుపాకీ. ఉప్పాడ వెళ్ళినప్పుడల్లా వలలకి కట్టే సీసం బిళ్ళలు నేను తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఆయన వాటిని గరిటెలో కరిగించి మట్టి అచ్చులో పోసేవారు. వచ్చిన గుండు ఏదీ నున్నగా ఉండేది కాదు. ఒక పక్క సొట్ట, ఇంకో పక్క తోక. "పందికి అందంతో పనేంటోయ్" అనేవారు.

నా మాటల మీద ఆయనకి ఎప్పుడూ వేళాకోళమే. "నా తుపాకీలో మందు కూరి పేల్చొచ్చు గానీ, ఈలోగా మీ తమ్ముడి నోట్లోంచి ఒక్క మాట రాదే" అనేవారు అక్కతో.

"వాడి జోలికెళ్ళకండి. మీ గుండు కంటే వాడి మాటకే గురి ఎక్కువ" అనేది అక్క.

అడవిపందిని ఆయన 'ఆసామీ' అనేవారు. "ఆసామీ రాత్రి వాగు దాటాడు", "ఆసామీకి మన చేలో దుంప నచ్చలేదు" అని చుట్టాల గురించి చెప్పినట్టు చెప్పేవారు. అక్క పోయాక ఆ మాట మళ్ళీ ఆయన నోట వినలేదు.

ఆ ఊళ్ళో వేసవిలో అందరూ కలిసి వేటకి వెళ్ళేవారు. కొందరు డబ్బాలు వాయిస్తూ పైనుంచి తోలుకొస్తే, తుపాకులవాళ్ళు దిగువన కాపు కాసేవారు. సాయంత్రం కళ్ళంలో అడ్డాకులు పరిచి మాంసం వాటాలు వేసేవారు. చివరికి ఎవరు చంపినా సరే, తొలి దెబ్బ ఎవరిదో తల వాళ్ళకే. గురి తప్పినవాడికి ఆ రోజు వాటా లేదు, పైగా అందరికీ ఆకులు వాడే కోసి తేవాలి. ఒకరి పేరున వేసిన వాటాని ఇంకొకరు ముట్టుకోరు. వీటన్నిటికంటే గట్టి కట్టుబాటు ఇంకొకటి ఉంది. దెబ్బ తిన్న జంతువు తప్పించుకుపోతే, కొట్టినవాడే ముందు నడిచి వెతకాలి. అది దొరికేదాకా తోటల వైపు ఎవరూ వెళ్ళొద్దని ఊళ్ళో టముకు వేయించాలి. దెబ్బ తిన్న మగపంది మనిషి కనిపిస్తే వదలదని అక్కడ అందరికీ తెలుసు.

బావగారు గుండు పేల్చాక తగిలిందనీ తప్పిందనీ వెంటనే అనేవారు కాదు. పంది నిలబడ్డ చోటికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ఆకు ఆకూ తిరగేసేవారు. వెంట్రుక గానీ నెత్తురు చుక్క గానీ ఉందేమోనని చూసేవారు. గుండు ఏ చెట్టుకో దిగిన గాటు కనిపించాకే "తప్పింది" అనేవారు. "తప్పిందో లేదో చెప్పాల్సింది నేల. మనం కాదు" అన్నది ఆయన నాకు చెప్పిన మాట.

జీడి రాలే రోజులు. ఒకనాటి వేటలో బావగారు లేరు. మామిడికాయల లోడుతో తుని వెళ్ళారు. నేను అక్కని చూడటానికి వెళ్ళినవాణ్ణి, డబ్బాలు వాయించేవాళ్ళతో కలిసి నడిచాను. ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన ఉండేవారు. అందరూ కామందుగారు అనేవారు, నేనూ అలాగే రాస్తాను. తూటా పెట్టి పేల్చే రెండు గొట్టాల తుపాకీ ఆ ఊరి మొత్తానికీ ఆయనది ఒక్కటే. ఆ రోజు రాజమండ్రి నుంచి స్నేహితుల్ని పిలిపించుకున్నారు. పొద్దు వాలుతుంటే వాగు పక్కన ఆయన తుపాకీ పేలింది. మేము దిగేసరికి నవ్వుతూ నిలబడి ఉన్నారు.

"పెద్ద మగపందిరా. తప్పిపోయింది. ఇవాళ ఆకులు నేనే కొయ్యాలి" అన్నారు.

అందరూ నవ్వారు. ఆకులు ఆయన ట్రాక్టరు డ్రైవరు కోసుకొచ్చాడు. అంతకుముందే ఎవరో కొట్టిన చిన్న పందికి కళ్ళంలో వాటాలు పడ్డాయి. "అంతటివారు నలుగురిలో తప్పిందని ఒప్పుకున్నారు, ఎంత పెద్ద మనసండీ" అని మెచ్చుకున్నారు కూడా. వెతుకులాట లేదు గనక ఆయన స్నేహితుల భోజనాలకి ఆలస్యం కాలేదు. తప్పిన గుండుకి టముకు ఎవరు వేస్తారు. ఊరు నిశ్చింతగా పడుకుంది.

తెల్లారి అక్క బుట్ట పట్టుకుని జీడిపిక్కలు ఏరడానికి తోటకి వెళ్ళింది. ఆ మగపంది అక్కడే, చెట్టు మొదట్లో పడుకుని ఉంది. అంతకంటే నేను రాయను.

మధ్యాహ్నానికి బావగారు తుని నుంచి వచ్చారు. అక్క దగ్గర కాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి తోటకి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. పంది పడుకున్న చోట మోకాళ్ళ మీద కూర్చుని, చాలాసేపు నేల చూసి, నన్ను పిలిచారు.

"ఈ అడుగులు చూడు."

మూడు కాళ్ళు మట్టిలో లోతుగా దిగాయి. వెనక కాలు ఒకటి ఈడ్చుకుపోయిన గీత. అది పడుకున్న చోట ఆకుల మీద ఎండి నల్లబడిన నెత్తురు.

"ఇది నిన్నే దెబ్బ తింది" అన్నారు.

"తప్పిందన్నారు కదా బావగారూ."

"అన్నారు."

వెళ్ళి అడుగుదామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అడిగితే తప్పిందనే అంటారు. ఊరు ఆయన మాటే నమ్ముతుంది. దాన్ని నేను కొట్టాలి. ఒంట్లో ఎవరి గుండు ఉందో తీసి చూడాలి. అది ఆయనదైతే మీ అక్కని చంపింది పంది కాదు."

అప్పటినుంచి ఆయన బతుకు ఆ పని మీదే నడిచింది. దానితోబాటే కూతుర్ని పెంచారు. మా మేనకోడలు అప్పుడు బళ్ళో చేరిన కొత్త. తుపాకీ తుడిచిన చేతులతోనే జడలు వెయ్యడం నేర్చుకున్నారు. ఒక జడ చెవి మీదా, ఒకటి మెడ కిందా ఉండేవి. ఆ పిల్ల అలాగే నవ్వుకుంటూ బడికి వెళ్ళేది.

పంది మాత్రం చిక్కలేదు. ఒకసారి వాగు దగ్గర రాయి విసిరితే తగిలేంత దగ్గరికొచ్చింది. గుండు దాని వీపు మీదుగా పోయింది. ఇంకోసారి మందు చెమ్మ పట్టి తుస్సుమంది. మరోసారి అంతా బాగానే ఉన్నా తప్పింది. ప్రతిసారీ ఆ చోటికి వెళ్ళి వెతికి, తప్పిందని రూఢి చేసుకుని, అడ్డాకులు ఒక మోపు కోసి కళ్ళంలో పడేసి ఇంటికి వచ్చేవారు. వాటాలు లేవు, అడిగేవాళ్ళూ లేరు. అయినా కోసేవారు. తప్పితే తప్పిందని ఊరికి చూపించాలని ఆయన పట్టుదల.

ఒకరోజు టీ కొట్టు దగ్గర ఇద్దరం ఉన్నాం. కామందుగారు వచ్చారు.

"ఏమోయ్, మళ్ళీ ఆకులేనటగా. పెళ్ళాన్ని పొడిచిన పందిని కొట్టలేని తుపాకీ ఎందుకోయ్ నీకు, పొయ్యిలో పెట్టుకో."

కొట్టులో ఇద్దరు నవ్వారు. బావగారు టీ ఊదుకుంటూ "అలాగేనండి" అన్నారు. ఆయన అంత నెమ్మదిగా ఎలా అన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకైతే ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది. నవ్విన ఆ ఇద్దరితో నేను ఆ తర్వాత మాట్లాడలేదు. మాటలు తక్కువైన మనిషికి అదొక సౌకర్యం.

తర్వాత ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. బావగారిదీ వెళ్ళింది. పంది పట్టపగలే చేలోకి దిగడం మొదలుపెట్టింది. బావగారు ఒట్టి చేతులతో వెళ్ళి, చెట్టెక్కి కూర్చుని, అది ఎటు తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో చూస్తూ ఉండేవారు. అంత దగ్గర్లో దాన్ని చూస్తూ ఏమీ చెయ్యకుండా ఎలా ఉంటున్నారని అడిగాను.

"ఇన్నాళ్ళూ కోపం చేతిలో ఉందోయ్. అందుకే తప్పింది. ఇప్పుడు కడుపులోకి దిగింది. అక్కడుంటే పరవాలేదు" అన్నారు.

తుపాకీ తిరిగి వచ్చాక, పెండలం దుంప ఊరే రోజుల్లో, మంచు విడుతుండగా దాన్ని కొట్టారు. నేను పక్కనే ఉన్నాను. చెవి వెనక తగిలింది. కాళ్ళు కూడా కొట్టుకోలేదు. బావగారు దాని మొహం వైపు చూడలేదు. వెనక కాలి తుంటి దగ్గర కత్తి దించి, ఎముక పక్క నుంచి ఒక గుండు తీశారు. వాగులో కడిగి, అరచేతిలో తన గుండు పక్కన పెట్టి చూపించారు. ఎముకకి తగిలిన పక్క చదునైంది. మిగతాదంతా తూటాలో వచ్చే గుండులా, మర మీద చేసినట్టు నున్నగా ఉంది.

"చూశావా?"

"చూశాను."

మనిషిని చంపిన జంతువు మాంసం ఎవరూ తినరు. అక్కడే గొయ్యి తీసి పూడ్చాం. తల మాత్రం కోసి, అడ్డాకులో పెట్టి, ఇద్దరం మోసుకుని ఊళ్ళోకి వచ్చాం. కామందుగారి ఇంటి ముందు పనికి వచ్చిన కూలీలు నిలబడి ఉన్నారు. ఆయన అరుగు మీద కూర్చుని పనులు చెబుతున్నారు. బావగారు ఆకుని ఆయన కాళ్ళ ముందు దించారు.

"మీ వాటా అండి."

"నాకు వాటా ఏంటోయ్? నేను వేటకే రాలేదుగా."

"వేసవిలో వచ్చారండి. తొలి దెబ్బ మీది. తల మీకే రావాలి."

"అది తప్పిపోయిందని ఆ రోజే చెప్పాను కదా."

"తప్పలేదండి" అని బావగారు గుప్పిట తెరిచారు.

కూలీలు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి చూశారు. గుమ్మంలో నిలబడ్డ కామందుగారి భార్య లోపలికి వెళ్ళిపోయింది. ఆయన డ్రైవర్ని పిలిచారు.

"తీసి అవతల పారెయ్యరా."

డ్రైవరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వాటా కదండీ. నేను ముట్టుకోకూడదండి."

ఇంకొకణ్ణి పిలిచారు. వాడూ కదల్లేదు. కూలీలు పనికి వెళ్ళకుండా అక్కడే నేల మీద కూర్చున్నారు. ఎండ ఎక్కింది. ఈగలు ముసిరాయి. చివరికి ఆయనే అరుగు దిగి, ఆ ఆకుని రెండు చేతులా ఎత్తుకుని, తెల్లచొక్కా నెత్తురవుతుంటే, వీధి వెంట ఊరి చివర చెత్త గొయ్యి దాకా మోసుకెళ్ళారు. పక్కన ఒక్కరూ నడవలేదు. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఒక ముసలమ్మ మాత్రం, "తప్పిందన్నారు కదా బాబూ" అంది.

కేసు పెడదామని నేను అన్నాను. "ఏమని పెడతావు? అబద్ధం ఆడారనా? దానికి శిక్ష ఊరు వేసేసింది. మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు బావగారు.

చూసుకున్నారు. తుపాకీ స్టేషన్లో ఇచ్చేసి మళ్ళీ తెచ్చుకోలేదు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. పెళ్ళిళ్ళలో, బ్యాంకులో, బస్సు దగ్గర, కామందుగారు ఎక్కడ కనిపించినా పక్కకి వెళ్ళి, మర్యాదగా వంగి, "మీ గుండు నా దగ్గర జాగ్రత్తగా ఉందండి" అనేవారు. అంతే. గొంతు పెంచేవారు కాదు. ఆ పెద్దమనిషి ముందు పెళ్ళిళ్ళు మానేశారు. తర్వాత బ్యాంకుకి మనిషిని పంపడం మొదలుపెట్టారు. చివరికి కాపురం రాజమండ్రి మార్చేశారు. బావగారు ఇది నాకు చెప్పినప్పుడు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అలా నవ్వకూడదని ఎవరైనా అంటే అననీండి. అక్కని ఊరికే పోనివ్వని మనిషి ఆయనొక్కరే. అందుకు ఆయనకి నా దణ్ణం.

బావగారికి పాడె కడుతుండగా వీధిలో కారు ఆగింది. కామందుగారు దిగారు. బాగా ముసలివారయ్యారు. నాలుగు కాళ్ళ చేతికర్ర రెండు చేతులా పట్టుకుని, భుజం మీద బంతిపూల దండ వేసుకుని, గేటు దాకా వచ్చి ఆగారు. ఏం చెప్పడానికి వచ్చారో నాకు తెలీదు. మా మేనకోడలు నా దగ్గరికి వచ్చింది.

"కుర్చీ వెయ్యమంటావా మావయ్యా?"

"వద్దమ్మా."

"లోపలికి..."

"వద్దు."

ఆ పిల్ల నా మొహం చూసి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన లోపలికి రాలేదు, వెనక్కీ వెళ్ళలేదు. మేము పాడె ఎత్తి ఆయన పక్కనుంచే నడిచాం. ఎవరూ ఆగలేదు. వీధి మలుపులో భుజం మార్చుకుంటూ ఒకసారి వెనక్కి చూశాను. ఎవరిదో మేక వచ్చి, వేలాడుతున్న దండని కింది నుంచి లాగి పువ్వు పువ్వూ తింటోంది. అదిలించడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు.