నా పాటల మీద లడ్డూ వేలం

మా బావ మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారనివ్వను కూడా.

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎవరెవరి పాటలో పాడీ పాడీ విసుగొచ్చి, ఒకప్పుడు బయటికొచ్చేశాను. నేనే రాసి, నేనే బాణీ కట్టి, ఒక్క హార్మోనియంతో ఎనిమిది పాటలు పాడి క్యాసెట్ చేయించాను. డప్పుల్లేవు, కోరస్ లేదు. దిల్‌సుఖ్‌నగర్ టీకొట్టులో అది మోగితే విజయవాడ బస్సు డ్రైవరు ఇంజన్ ఆపేసి దిగి కూర్చున్నాడు. ప్రయాణికులు ఇంకో బస్సెక్కి పోయారు. ఆయన మాత్రం ఇప్పటికీ అక్కడే కూర్చున్నాడని చెప్పుకుంటారు. చెప్పేది నేనే అనుకోండి.

క్యాసెట్లు అమ్ముడుపోలేదు. నోరు మూసుకుని మళ్లీ ఆర్కెస్ట్రాకే పోయాను. స్టూడియో మూతపడినప్పుడు అసలు టేపు కూడా పోయింది. మిగిలిన ఒక్క క్యాసెట్‌ను ఎల్‌బీ నగర్‌లో మా అక్క ఇంట్లో దాచాను. దాని మీద ఇంకెవరూ రికార్డు చేయకుండా, వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కల్నీ నా చేత్తోనే విరిచేశాను.

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో పాత క్యాసెట్లను ఫోన్‌లోకి ఎక్కించే షాపు ఉందని తెలిసి అక్క ఇంటికి పరిగెత్తాను. బీరువాలోంచి తీసిచ్చింది. చూస్తే, నేను విరిచిన చోట సెల్లోటేపు అతికించి ఉంది! అలా అతికిస్తే మళ్లీ రికార్డు అవుతుంది. ఆ కిటుకు ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ తెలుసు.

షాపులో పెట్టగానే హార్మోనియం బదులు మైకు గోల. "ఒకటోసారి! రెండోసారి!" వాళ్ల కాలనీ గణేశుడి లడ్డూ వేలం. రెండో వైపు ముగిసే ముందు, మూడోసారి తర్వాత, ఆ లడ్డూ పాడుకున్న మా బావ గొంతు: "జై!" రెండు వైపులా అదే సంత. చిట్టచివర మాత్రం నా పాట ఒకటి, సగం మిగిలింది.

అటు నుంచి అటే బావ ముందు నిలబడ్డాను.

"నా క్యాసెటే దొరికిందా బావా నీకు?"

"ఇంట్ల ఇంకోటి లేకుండె బామ్మర్ది. ఏం జెయ్యాలె?"

"ఎనిమిది పాటలుండె గండ్ల!"

"నువ్వు రోజూ పాడుతనే ఉంటవ్. నాకు లడ్డూ రోజూ దొరుకుతదా?"

వంటింట్లోంచి అక్క అందుకుంది. "గా లడ్డూ నువ్వు గూడ తిన్నవ్ గదరా!"

ఒళ్లు మండింది. ఫోన్లో ఆ చివరి భాగం పెట్టి వినిపించాను. తన "జై" రాగానే బావ ముఖం వెలిగిపోయింది. అంతలో నా పాట మొదలైంది.

"ఆపు, ఆపు. జర ఎనకకు పెట్టు. నా గొంతు ఇంకోసారి ఇంట."

చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. ఆ సగం పాట అయిపోయేదాకా ఫోన్‌ను పిడికిట్లో బిగించి, ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను.