అక్క ఎక్కే మెట్టు

మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గర, వాన వెలిసిన పొద్దున లారీల మీద కప్పే టార్పాలిన్లను గోడల మీద ఆరేస్తారు. తడి గుడ్డ, మైనం, డీజిలు, కాస్త కుళ్లిన టమోటా అన్నీ కలిసిన ఆ వాసనకు దారిన పోయేవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఏదో పనున్నదానిలా కాసేపు అక్కడే నిలబడతాను. నాకది మా జీపు టాపు వాసన, మా నాయన చొక్కా వాసన, ఎనభైల మొదట్లో చౌడేపల్లె దగ్గరి మా పల్లెలో గడిచిన నా పదేళ్ల వయసు వాసన.

ఆ జీపును నాయన కుప్పంలో కొన్నాడు. రాళ్ల క్వారీ నడిపే ఒక కాంట్రాక్టరు దాన్ని అరగదీసి, ఇక నావల్ల కాదని షెడ్డు వెనక పడేస్తే, వెనక తొట్టిలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటుండగా నాయన కంట పడింది, పడిన వెంటనే నచ్చింది. అందరూ వద్దన్న వస్తువు మీదికే మనసు పోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం. వెంకటగిరికోట మీదుగా ఇంటికి తెచ్చేసరికి పొద్దు గూకింది. దారిలో కనబడిన ప్రతి బావి దగ్గరా ఆగి రేడియేటరుకు నీళ్లు పోశాడట. టాపు లేదు, వెనక సీటు లేదు, హారను లేదు, హెడ్‌లైట్లు ఉన్నా వెలగవు. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "రేయ్ రెడ్డెప్పా, ఇది నిన్ను మోసుకొచ్చిందా, నువ్వు దీన్ని మోసుకొచ్చినావా?" అని అడిగింది.

నాయన నవ్వాడు. ఎందుకు కొన్నాడో మాకు తెలుసు. మా భారతక్క కోసం. పసితనంలో పోలియో వచ్చి అక్క ఎడమ కాలు పడిపోయింది. ఇనుప కమ్మీలు, తోలు బెల్టులు ఉన్న బూటు తొడుక్కుని, చంకలో కర్ర పెట్టుకుని నడిచేది. ఆ కాలు మోకాలి దగ్గర వంగదు. పదో తరగతి మంచి మార్కులతో పాసయింది గానీ, కాలేజీ మదనపల్లెలో. మా పల్లెకు బస్సు రాదు. రోడ్డు దాకా రాళ్లబాట, మధ్యలో నీళ్లు పారే వంక. రోడ్డు చేరినా బస్సు మెట్టు అందదు. అప్లికేషను తేవడానికి పోయిన రోజు కండక్టరు ఒక పక్క, ఎవరో పెద్దాయన ఇంకో పక్క నిలబడి, చంకల కింద చేతులు వేసి అక్కను శెనక్కాయల మూటను వేసినట్టు లోపల వేశారు. మంచి మనుషులే, చేసింది సాయమే. అక్క మాత్రం ఇంటికొచ్చి బూటు కూడా విప్పకుండా కూర్చుని, "నన్ను ఎత్తి ఏసేదైతే నేను సదవను నాయనా" అంది. అక్క మాట అంటే అన్నట్టే.  మూడో రోజు నాయన కుప్పం బస్సెక్కాడు.

ఆ ఎండాకాలం సెలవులన్నీ నాకు పుంగనూరులో ఇమాం సాయిబు షెడ్డులోనే గడిచాయి. ఉప్పూ కారం అద్దిన బెంగుళూరా మామిడికాయ చెక్కలు కొరుకుతూ, జీపు ఒక్కో ముక్కా విడిపోయి మళ్లీ ఒక్కటవడం చూశాను. ఇంజను విప్పి కిరసనాయిల్లో కడిగారు. తుప్పు తిన్న రేకును కోసి కొత్త రేకు అతికించి, సుత్తితో సన్నగా తట్టి తట్టి పాత రేకులో కలిపేశారు. సాయిబు బామ్మర్ది పందిరంత టార్పాలిన్‌ను కాళ్ల మధ్య పెట్టుకుని, మైనం రాసిన దారంతో టాపూ, వానొస్తే దించుకునే పక్క తెరలూ కుట్టాడు. బండి పక్కన నీళ్ల డబ్బా పెట్టడానికి ఒక చట్రం, లోపల అమ్మ పాలక్యాను తగిలించడానికి కొక్కెం, ముందు ఊరంతా ఉలిక్కిపడే లారీ హారను వచ్చాయి. వెనక తొట్టిలో అడ్డంగా కాకుండా పొడుగ్గా బల్ల వేశారు, అక్క వంగని కాలు చాపుకోవడానికి.

మెట్టు పెట్టే రోజు అక్కను కూడా తీసుకుపోయాం. నాయన ఇంటి దగ్గరే ఇటుకలు పేర్చి, ఎత్తు లెక్కవేసి, కాగితం మీద గీసుకుని వచ్చాడు. సాయిబు ఆ కాగితం చూసి మడిచి తిరిగిచ్చేశాడు. "ఎక్కేది నువ్వు గాదు రెడ్డెప్పన్నా, ఆ బిడ్డ. ఆ బిడ్డనే అడుగుదాం" అని, గోడ దగ్గర అక్కను నిలబెట్టి, "బేటీ, మంచి కాలు యాడిదాకా లేస్తాదో సూపించు. సెయ్యి యాడికి అందుతాదో అదీ సూపించు" అన్నాడు. అక్క చూపించిన చోట సుద్దతో గీతలు గీశాడు. అక్కకు ఏం కావాలో ఇంట్లో అందరికీ తెలుసుననుకునేవాళ్లం. అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆ గీతల ప్రకారమే వెనక తలుపు దగ్గర మెట్టు, పక్కన పట్టుకోవడానికి నిలువు కమ్మీ అతికించి, ఎండకు చెయ్యి కాలకుండా కమ్మీకి పాత సైకిలు ట్యూబు చుట్టాడు.

కాలేజీ తెరిచిన రోజు అక్క కర్రను లోపల వేసి, కమ్మీ పట్టుకుని, మెట్టు మీద కాలు పెట్టి, ఒక్క ఊపున లోపలికి చేరింది. చేతులు చాచిన అవ్వ వాటిని ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంది. అప్పటినుంచి రోజూ సంగటీ ఊరిబిండి పచ్చడీ తిని, నాయన మార్కెట్టుకు తోలే చిక్కుడుకాయల బుట్టలతో పాటు అక్క మదనపల్లెకు పోయేది. ఆయుధ పూజకు జీపుకు బంతిపూల దండలు వేసి, బొరుగులూ బెల్లం పంచాం. అక్క మెట్టుకు విడిగా కుంకుమ పెట్టింది.

శెనక్కాయలు పెరికే కాలం వచ్చింది. మూటలు వేస్తే బండి కుంగుతుందని నాయన బండి బరువు మోసే వెనక కమాను స్ప్రింగులకు రెండేసి పట్టీలు ఎక్కువ వేయించి, సాయంత్రం ఏనుగును తోలుకొచ్చినవాడిలా వచ్చాడు. మరుసటి పొద్దున అక్కకు పరీక్ష. కమ్మీ పట్టుకుని కాలెత్తితే మెట్టు అందలేదు. కమాన్లు బిగిసి బండి నాలుగు వేళ్లు పైకి లేచింది. ఆ సంగతి నాయనకూ తట్టలేదు, సాయిబుకూ తట్టలేదు. పీట వేశాం. రాళ్ల నేల మీద అది ఊగి, కర్ర జారి, అక్క పడబోయింది. టైము మించిపోతోంది. నాయన గబుక్కున ముందుకొచ్చి చేతులు చాచాడు. అక్క ఆ చేతుల వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "నేను రాను" అంది. కళ్లలో నీళ్లు లేవు. అది చూసే నాకు భయమేసింది.

నాయన చేతులు దించేసుకున్నాడు. కాసేపు కమాన్ల వైపు చూసి, "అందురూ ఎక్కండి" అని అరిచాడు. పిండి చేతులతో అమ్మ ఎక్కింది. నేనెక్కాను. కాయలు పెరకడానికి వచ్చిన నలుగురు ఆడవాళ్లూ ఎందుకు, ఏమని అడుగుతూనే ఎక్కి, తలుపు దగ్గర అక్కకు చోటు వదిలి కూర్చున్నారు. నాయన చక్రం పక్కన గొంతుకూర్చుని, మెట్టుకూ నేలకూ మధ్య జానతో కొలుస్తూ, "ఇంగా రెండు వేళ్లంత దిగల్ల. అమ్మా, నువ్వు రా" అన్నాడు. అవ్వ ఎక్కి కూర్చోగానే బండి మూలిగి కిందికి దిగింది. "ఇంగొంచెం ఎనక్కి జరుగు." "ఇంగా జరిగితే కింద పడతాను గదరా!" అందరూ నవ్వారు, అక్క కూడా. కమ్మీ పట్టుకుంది. ఈసారి కాలు అందింది. అక్క పైకి వస్తున్నంతసేపూ ఆ ఆడవాళ్లు పని గుర్తొచ్చినట్టు చేని వైపే చూశారు.

తర్వాత అందరూ దిగారు, నేను తప్ప. పుంగనూరులో సాయిబు సంగతి విని నుదురు కొట్టుకుని, అక్క లోపల పుస్తకం చదువుకుంటుండగానే ఉన్న మెట్టు కింద ఇంకో మెట్టు అతికించాడు. పరీక్షకు ఆలస్యం కాలేదు.

నాయన లేడు, సాయిబు లేడు, జీపు ఎప్పుడో పాత ఇనుములో పోయింది. ఆ షెడ్డున్న చోట ఇప్పుడు కార్ల సామాన్ల అంగడి. మెట్లు కూడా అట్టపెట్టెల్లో సిద్ధంగా ఉంటాయి, అన్ని కాళ్లకూ ఒకటే కొలత. అక్క పుంగనూరులో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. పోయిన నెల మదనపల్లెలో చుట్టాల పెళ్లికి పోయి, మా అబ్బాయి కారులో ఇద్దరం తిరిగొచ్చాం. మంటపం ముందు అక్క కారు తలుపు పట్టుకుని నిలబడింది. కారు ఎత్తు, పైగా చినుకులు మొదలయ్యాయి. తడుస్తుందని నేను చంకల కింద చేతులు వేసి ఒక్కసారిగా ఎత్తి సీట్లో కూర్చోబెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

పుంగనూరు దాకా అక్క కిటికీ అద్దం వైపే చూస్తూ కూర్చుంది. ఊరు కనబడుతుండగా, తల తిప్పకుండానే అంది. "ఆ పొద్దు ఏడుమంది బండెక్కి కూసున్నారు గదా మే. నన్ను ఎత్తేదానికి బలం లేకనా?"