మారు వడ్డన లేని ఓడ

ఆ రోజుల్లో మా వైపు భోజనానికొచ్చిన మనిషి కడుపు నిండిందో లేదో చెప్పే అధికారం ఆ మనిషికి ఉండేది కాదు, వడ్డించేవాళ్ళకే ఉండేది. విస్తరి ముందు కూర్చున్నవాడు మొదటిసారి "వద్దండీ" అన్నాడంటే వెయ్యమనే. రెండోసారి "అయ్యయ్యో, చాలు చాలు" అన్నాడంటే కాస్త చూసి వెయ్యమని. రెండు చేతులూ విస్తరి మీద బోర్లించి, దాదాపు దాని మీద పడుకుని, "మీకు దణ్ణం పెడతానండీ" అన్నప్పుడు మాత్రం గరిటెడు కాకుండా అరగరిటె వెయ్యాలి. అడగ్గానే "వెయ్యండి" అన్నవాడి గురించి ఊళ్ళో ఆర్నెల్లు చెప్పుకునేవాళ్ళు. ఇప్పటి పిల్లలు కావాలంటే కావాలంటున్నారు, చాలంటే చాలని లేచి చెయ్యి కడుక్కుంటున్నారు. అదృష్టవంతులు! ఆ ముక్క ఆ వయసులో నాకు చేతకాక నేను పోగొట్టుకున్నది గరిటెడు పప్పు కాదు.

మా మేనమామ జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారి. ఊరంతా ఆయన్ని కొసరు షావుకారు అనేవాళ్ళు. కాటా దగ్గర ఆయనది ఒకటే మాట. "ఇంతంటే ఇంతే. నచ్చితే దించు, లేదంటే పక్క కొట్టుకు తోలుకుపో" అనేవాడు, పెనుగంచిప్రోలు నుంచి బండ్ల మీద కాయలు తెచ్చిన రైతులు కూడా ఆ మాట మీద బేరం ఆడేవాళ్ళు కాదు. అంత మాటకు నిలబడే మనిషి, ఇంట్లో పంక్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి మాటా నమ్మేవాడు కాదు. కొసరి కొసరి వడ్డించడమే ఆయనకు తెలిసిన దైవభక్తి. ఒకసారి వత్సవాయి నుంచి వచ్చిన ముసలి బంధువొకాయన నెయ్యి వద్దని చెయ్యి అడ్డం పెడితే, కాగిన నెయ్యి వేళ్ళ సందుల్లోంచి పోశాడు. (పాపం, ఆ చేతికి వారం పాటు వెన్న రాయాల్సి వచ్చింది. అయినా ఆ ముసలాయన మర్యాద అంటే అదీ అని చచ్చేదాకా చెప్పుకున్నాడు.)

అటువంటి మావయ్యకు మలయాలోని పినాంగు వెళ్ళాల్సిన పని పడింది. అక్కడ మన ఎండు మిరపకాయలు కొనే పెద్ద షావుకారుతో ముఖాముఖి మాట్లాడాలి. మద్రాసు రేవులో ఎక్కితే అయిదారు రోజులు సముద్రం మీదే ఉండాలి. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేనేమో నందిగామలో బీయే పాసై, అరుగు మీద కూర్చుని పేపరు చదివే ఉద్యోగం శ్రద్ధగా చేస్తున్నాను. "అల్లుణ్ణి నాతో పంపమ్మా" అని మా అమ్మకు కబురు పెట్టాడు. అమ్మ ఎగిరి గంతేసింది. "ఒరేయ్, ఇది ఇంగ్లీషు కోసం కాదు. పిల్లనిచ్చే ముందు నిన్నోసారి దగ్గరుండి చూద్దామని. ఆబగా తిని నా పరువు తియ్యకు. మీ మావయ్య వద్దన్నది నువ్వూ వద్దను" అని ఒట్టు వేయించుకుంది.

ఒట్టు అక్కర్లేదు. ఆ పిల్ల కోసం నేను సముద్రం మీద ఓడతో పాటు ఈదమన్నా ఈదేవాణ్ణి. మావయ్య కూతురు, నా మరదలు, నేను వెళ్ళినప్పుడల్లా తలుపు చాటున నిలబడి నా ఇంగ్లీషు పేపరు గొప్పలు వింటూ కిసుక్కున నవ్వేది. బయల్దేరే ముందు జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు ధైర్యం చేసి అడిగాను, "పినాంగు నుంచి నీకేం తేను?" అని. "ఏమొద్దు" అంది జడ వెనక్కి విసురుతూ. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏమొద్దంటే ఏమిటో అర్థం చేసుకోలేనంత తెలివితక్కువవాణ్ణా నేను!

మొదటి రోజు సముద్రం మమ్మల్ని తిండి జోలికి పోనివ్వలేదు. రెండో రోజు కడుపు కుదుటపడి, గంట మోగగానే భోజనాల హాలుకు వెళ్ళాం. తెల్లగుడ్డలు పరిచిన బల్లలు, పళ్ళేనికి అటూ ఇటూ చెంచాలూ కత్తులూ ముళ్ళూ. మడతపెట్టిన తెల్లగుడ్డ ఒకటి మావయ్య ముందు ఉంటే విప్పి కండువాలాగా భుజాన వేసుకుని, "కండువాలు కూడా పెడుతున్నారు. మర్యాదస్తులేరా" అన్నాడు. మాకు వడ్డించే గోవా ఆయన తెల్ల కోటూ తెల్ల చేతితొడుగులూ వేసుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. శాకాహారమని ముందే చెప్పుకున్నాం గనక మాకు వేరే గిన్నెలు వచ్చాయి. ఉడికించిన అన్నం, ఉడికించిన బఠాణీలు, వెన్నలో దొర్లించిన బంగాళాదుంపలు. (ఉప్పూ కారం టిక్కెట్టు దొరక్క మద్రాసు రేవులోనే ఆగిపోయినట్టున్నాయి.) అయినా ఆకలి నకనకలాడుతోంది. గోవా ఆయన వంగి, ఒక్కొక్క చెంచాడు పెట్టి, "ఇంకా కావాలా సర్?" అని ఇంగ్లీషులో అడిగాడు.

మావయ్య అలవాటు ప్రకారం పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి "అబ్బే, చాలు చాలు" అన్నాడు. నేను తర్జుమా చేశాను. ఆయన చక్కగా నవ్వి, తల వంచి, గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు. చిల్లకల్లు అడ్డరోడ్డులో ఆగకుండా పోయిన బస్సును చూసినట్టు మావయ్య ఆ గిన్నె వంకే చూస్తూ ఉండిపోయాడు.

"పోయాడేంట్రా?"

"మళ్ళీ వస్తాడ్లే మావయ్యా."

వచ్చాడు. పళ్ళేలు తీసుకెళ్ళడానికి వచ్చాడు.

గదిలోకి రాగానే తప్పంతా నా మీద పడింది. "నువ్వేం చెప్పావురా వాడితో?" "మీరు వద్దన్నారని చెప్పా." "ఓరి నీ బీయే తగలెయ్య! వద్దన్నట్టు చెప్పాలి గానీ వద్దని చెబుతావా?" ఆ రాత్రి పడుకుని నేను చదివిన ఇంగ్లీషంతా నెమరేసుకున్నాను. రాణీగారిని పొగడటానికీ, కలెక్టరుకు అర్జీ పెట్టుకోవడానికీ మాటలున్నాయి గానీ, కావాలనే వద్దుకు ఎక్కడా మాట తగల్లేదు. మర్నాడు పొద్దున రొట్టె దగ్గర నా శక్తికొద్దీ "నో" ను సాగదీసి, రాగం తీసి, సగం నవ్వి చెప్పాను. గోవా ఆయన నాకు పంటి నొప్పేమోనని లవంగం తెచ్చిచ్చాడు.

ఇంటి నుంచి తెచ్చుకున్నవి ఏమయ్యాయని మీరు అడగొచ్చు. అత్తయ్య కట్టిచ్చిన డబ్బా నిండా అరిసెలూ జంతికలూ ఉండేవి. ఓడ ఎక్కిన సాయంత్రమే మావయ్య పక్క గదిలో ఉన్న సింధీ బట్టల వ్యాపారికి డబ్బా చూపించి "తీసుకోండి" అన్నాడు. ఆ పెద్దమనిషి తీసుకున్నాడు. "ఇంకా తీసుకోండి" అన్నాడు మావయ్య. ఆ పెద్దమనిషి డబ్బా తీసుకున్నాడు. ఒక్కసారైనా వద్దనకుండా తీసుకునే మనుషులు లోకంలో ఉంటారని మావయ్యకు అప్పటిదాకా తెలీదు. ఇప్పుడు గోడ అవతల నుంచి జంతికలు నమిలే చప్పుడు వినబడుతుంటే మేం ఇద్దరం సముద్రం వంక చూస్తూ కూర్చునేవాళ్ళం. సముద్రం చూడ్డానికి బాగుంటుందని పుస్తకాల్లో రాసేవాళ్ళంతా కడుపు నిండా తిని చూసినవాళ్ళే. నాకు మాత్రం అది ఒక పెద్ద మజ్జిగ గుండిగలా కనబడేది.

తప్పు నాది కూడా. "ఇంకొంచెం వెయ్యండి" అని చిన్న ఇంగ్లీషు ముక్క చాలు, ఇద్దరి కడుపులూ నిండేవి. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చేది. పక్కన మావయ్య, మావయ్య వెనక తలుపు చాటున జడ. మింగేసేవాణ్ణి. ఆ ప్రయాణంలో నేను కడుపారా మింగింది అదొక్కటే.

నాలుగో రోజు మధ్యాహ్నం మావయ్య ఓర్పు పుటుక్కున తెగింది. మా బల్ల మీదే మలయాలో రబ్బరు తోటలున్న ఒక ముసలి దొరసాని కూర్చునేది. గోవా ఆయన ఆవిణ్ణి బంగాళాదుంపలు కావాలా అని అడిగాడు, ఆవిడ వద్దంది, ఆయన వెనక్కి తిరిగాడు. అంతే! మావయ్య లేచి, భుజాన ఆ తెల్లగుడ్డ సర్దుకుని, గిన్నె లాక్కున్నాడు. "నువ్వు వడ్డించే మనిషివేనట్రా? పెద్దావిడ వద్దంటే పోవడమేనా? ఇట్టా రా, చూడు!" అని గోవా ఆయన్ని తెలుగులో కసిరి, "మీరట్టా అనకూడదమ్మా! ఆ పిడికెడు తిండి పిచ్చుక్కు కూడా చాలదు. నా మీదొట్టు, ఈ ఒక్కటీ" అంటూ దొరసాని పళ్ళెంలో నాలుగు దుంపలు దించాడు. హాలంతా చెంచాలు ఆగిపోయాయి. నేను బల్ల కిందికి పోదామా అని చూస్తున్నాను. ఆ ముసలావిడ ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, ఫక్కున నవ్వింది. నవ్వి, ఆయన చేతిలోంచి గరిటె తీసుకుని, ఆయన పళ్ళెం వైపు చూపించింది. మావయ్య అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ అచ్చం ఆయనలాగే ఆ చెయ్యి పక్కకు నెట్టి, రెండు గరిటెలు గుమ్మరించింది. మావయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఈ ఓడలో ఇన్నాళ్ళకి ఒక మనిషి కనబడిందిరా!" అన్నాడు నోటి నిండా దుంపతో.

అంతటితో ఆగినా బాగుండేది. సాయంత్రం కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు దొరసాని నా చేత మొత్తం భోగట్టా చెప్పించుకుని, కడుపు పట్టుకుని నవ్వి, చివరికి ఒక ప్రశ్న వేసింది. "మీ మావయ్య మిరపకాయల ధర కూడా ఇలాగే చెబుతాడా? కావాలంటే వద్దనీ, వద్దంటే కావాలనీ?"

అది నేను తెలుగులో చెప్పగానే మావయ్య ముఖం మాడిపోయింది. ఒకటే మాటకు పసుపు రాసి దండం పెట్టుకునే మనిషి! తర్వాత తొడ చరిచి, "నిజమేరా అల్లుడూ. కొట్లో ఒక నోరూ, పంక్తిలో ఒక నోరూ ఏంటి నాకు? ఇకనుంచి అన్నిట్లోనూ ఒకటే మాట" అన్నాడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నిష్ఠ ఎక్కువంటారు. ఆ పూట నుంచి మావయ్య గంట మోగకముందే వెళ్ళి కూర్చుని "వెయ్యి, వెయ్యి, ఇంకా వెయ్యి, చాలు, పో" అని చేతులతోనే చెప్పేసేవాడు. గోవా ఆయన ముఖం కూడా వికసించింది. పినాంగులో బేరం కుదిరింది. నేను రంగుల పూలు వేసిన చీనా గొడుగొకటి కొన్నాను, ఎవరికో వేరే చెప్పాలా.

తిరుగు ప్రయాణంలో ఓ సాయంత్రం, టీ బల్ల దగ్గర మావయ్య బిస్కెట్టు టీలో ముంచుతూ ఉన్నట్టుండి అన్నాడు: "అల్లుడూ, మా అమ్మాయిని నీకిద్దామనుకుంటున్నా. చేసుకుంటావా?"

నా గుండె ఓడ గొట్టంలా కూత పెట్టింది. కానీ పెళ్ళికొడుకు అడగ్గానే సరేనంటాడా? పంక్తిలో మొదటి వడ్డనకే చెయ్యి చాచినట్టు ఉండదూ? అమ్మ పరువేం కాను? తల వంచుకుని, నా వంశ మర్యాదంతా గొంతులోకి తెచ్చుకుని, "అబ్బే, ఇప్పుడెందుకులే మావయ్యా, వద్దు" అన్నాను.

"వద్దా?"

"వద్దులెండి మావయ్యా."

"సరే" అని ఆయన బిస్కెట్టు నోట్లో వేసుకున్నాడు.

నేను మారు వడ్డన కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. మద్రాసు రేవు వచ్చింది, అడగలేదు. రైల్లో గూడూరు దగ్గర గొంతు సవరించుకున్నాడు, నేను సర్దుకు కూర్చున్నాను, మంచినీళ్ళు అడిగాడు. బెజవాడలో బస్సెక్కాం. నందిగామలో నేను దిగుతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపుతూ "గొడుగు మర్చిపోతున్నావురా" అని అందించాడు. అంతే. బస్సు జగ్గయ్యపేట వైపు వెళ్ళిపోయింది.

"అడిగాడా?" అంది అమ్మ గుమ్మంలోనే.

"అడిగాడు."

"ఏమన్నావు?"

"వద్దన్నా."

"నా తండ్రే! బాగా చెప్పావు. మళ్ళీ అడుగుతాడు చూడు" అని అమ్మ నాకు దిష్టి తీసింది.

మళ్ళీ వచ్చింది మూలలకు పసుపు రాసిన శుభలేఖ. పెళ్ళికొడుకు మా నందిగామలోనే కొత్తగా బోర్డు కట్టిన ప్లీడరు. అడగ్గానే సరేనన్నాడట. "మర్యాద తెలియని సంబంధం" అని అమ్మ ముక్కు చీది, అన్నగారి మీదికి యుద్ధానికి వెళ్ళింది. "వద్దంటే వద్దనుకుంటావా అన్నయ్యా! నువ్వు మన ఇంట్లో పుట్టినవాడివేనా?" అని అరిచిందట. "మరి వాడెందుకన్నాడమ్మా వద్దని? నా దగ్గర ఇప్పుడు ఒకటే మాట" అన్నాడట మావయ్య. గొడుగు పెళ్ళి కానుకగా ఇచ్చాను. తర్వాత బందరు సంబంధం వచ్చినప్పుడు ఆ పెద్దాయన ప్రశ్న పూర్తి చెయ్యకముందే "సరే" అని అరిచాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది, ఎక్కడా పిల్ల దొరక్క అలా ఎగబడ్డానని వాళ్ళ వాళ్ళు అనుకున్నారట.

మొన్నామధ్య పని మీద మళ్ళీ నందిగామ వెళ్ళి మరదలింట్లో భోంచేశాను. ప్లీడరుగారు తిని కోర్టుకు వెళ్ళిపోయారు. తల నెరిసినా అదే కిసుక్కుమనే నవ్వు. "ఇంకాస్త పప్పు వెయ్యనా బావా?" అంది. "వెయ్యి, వెయ్యి" అని పళ్ళెం ముందుకు జరిపాను.

"అబ్బో, నేర్చుకున్నావే!" అంది నవ్వుతూ. "ఓడలో అడిగితే వద్దన్నావటగా?"

"మీ నాన్న ఇంకోసారి అడుగుతాడనుకున్నా" అన్నాను, ఇన్నేళ్ళకి.

మరదలు గరిటె పప్పుగిన్నెలో పెట్టేసింది. "నన్నూ అడిగాడు నాన్న, ఓడ దిగొచ్చిన రోజే. బావ వద్దన్నాడు, పోనీ నీకేమన్నా మనసుందా, వెళ్ళి గట్టిగా అడగనా అని."

"నువ్వేమన్నావు?"

"ఏమొద్దన్నా" అంది.

ఇద్దరం పొలమారేదాకా నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ నన్ను అడక్కుండానే నెయ్యి గిన్నె అందుకుని వంచింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.