జొన్న పాతర, సూర్యుడి మచ్చలు

కడప కాలేజీలో మధ్యాహ్నం క్లాసంటే సగం నిద్ర, సగం కల. కిటికీలోంచి వడగాలి వీస్తుంటే రెప్పలు వాటంతటవే వాలిపోయేవి. అర్థశాస్త్ర చరిత్ర నేను ఆ మగతలోనే విన్నాను. మా లెక్చరర్ కోస్తా మనిషి, గొంతు మెత్తన. వ్యాపారం కొన్నేళ్లు పొంగుతుందనీ, ఆ తర్వాత కుంగుతుందనీ, మళ్లీ పొంగుతుందనీ, దాన్నే వ్యాపార చక్రం అంటారనీ చెప్పేవాడు. ఎందుకలా తిరుగుతుందన్న దాని మీద పెద్దపెద్ద వాళ్లంతా వాదులాడుకున్నారట. ఒక దొర సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గుతుంటాయనీ, వాటిని బట్టే పంటలనీ, పంటలను బట్టే బేరాలనీ తేల్చాడట. ఇంకొకరు తప్పంతా మనుషుల మనసుదే అన్నారట. ధైర్యం వస్తే అందరికీ ఒకేసారి వస్తుంది, భయమూ అంతే. ఆ తర్వాతి వాళ్లు, చెడ్డకాలంలో అందరూ పిడికిలి బిగిస్తే కాలం ఇంకా చెడుతుంది కాబట్టి ఎవరో ఒకరు అప్పుడే పనులు పెట్టించాలి అన్నారట.

నాకు మటుకు సూర్యుడి మచ్చలే నచ్చాయి. సీమలో పుట్టినవాడికి సూర్యుడి మీద నేరం మోపడం కంటే సుఖమేముంది?

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేసవి సెలవులకు ఎర్రగుంట్ల దాటి మా ఊరు చేరేసరికి నల్లరేగడి చేలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. జొన్న మోకాలెత్తు పెరిగి నిలువునా ఎండిపోయింది. ఇంట్లో నాయన, అమ్మ, జేజి. జేజి అంటే మా నాయన తల్లి. ఇంటికి పెత్తనం ఆమెదే. వాకిట్లో ఉన్న పాతరకైతే మరీను.

పాతరంటే నేలలో కుండలాగా తవ్విన గొయ్యి. లోపల గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన బండ మూసి మట్టి మెత్తుతారు. గాలి చొరకుంటే గింజలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. చిన్నప్పుడు సాయంత్రాలు నేను ఆ బండ మీద చెవి ఆనించి పడుకునేవాణ్ణి. లోపల గింజలు ఒకదానికొకటి ఒత్తుకుని గుసగుసలాడుతున్నట్టు, నా కింద ఇంకో ఊరు నిద్రపోతున్నట్టు ఉండేది. పెద్దవాణ్ణయ్యాక కూడా ఆ భ్రమ పోలేదు, నేనూ పోగొట్టుకోవాలనుకోలేదు.

నాయన ఆ పాతర తీయాలంటున్నాడు.

"జొన్నల ధర శానా పైన ఉండాదమ్మా. ఇప్పుడమ్మితే బావికి ఆయిల్ ఇంజన్ తేవచ్చు."

"నేను బతికుండంగ పాతర జొన్న సంతకు పోదు" అంది జేజి.

నాయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఇదే గదా నువ్వు సదువుతాండేది. నువ్వు చెప్పు."

నేను ఎగిరి గంతేసి సూర్యుడి మచ్చల దగ్గర మొదలుపెట్టాను. జేజి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడమర పొద్దును తేరిపార చూసింది.

"యాడుండాది నాయనా మచ్చ? నా కండ్లకు పొరలొచ్చినాయి. నాకు అన్నీ మచ్చలే."

నాయన పడీపడీ నవ్వాడు. నాకు రోషం వచ్చి, చివరి పాఠమూ చెప్పేశాను. అందరూ భయపడి దాచుకుంటే ఆ దాచుకోవడమే కరువును ముదరబెడుతుందట జేజీ అన్నాను. దానికి ఆమె నవ్వలేదు, తిట్టనూ లేదు. లేచి వెళ్లి, బండ చుట్టూ మెత్తిన మట్టిని వేళ్లతో తడిమి చూసింది.

మర్నాడు పొద్దున మా చేలో కలుపు తీసే దంపతులు మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. వెనక బాటలో ఇంకా నాలుగైదు కుటుంబాలు నిలబడి ఉన్నాయి.

"పోయొస్తాం పెద్దమ్మా."

"యాడికి?"

"యాడ పనుంటే ఆడికి."

ఆ ఇల్లాలి చంకలోని పిల్లవాడు పిడికిలి చీకుతున్నాడు. జేజి వాణ్ణి చూసి లేచి నిలబడింది. "మూటలు దించండి" అని, లోపలికి కేకేసింది. "ఒరే, గడ్డపార తే. పాతర తీయల్ల."

నాయన మొహం వెలిగిపోయింది.

"అమ్మేదానికి కాదు. బావి లోతు తవ్వించు. కూలికి జొన్నలు కొలిచియ్యి."

"ఇంజన్ లేకుండా లోతు బావి ఏం చేసుకోవల్ల?"

"నీళ్లు లేకుండా ఇంజనేం చేసుకుంటావు?"

బండ జరిపారు. పాతరలో చెడుగాలి ఉంటుంది, తీయగానే దిగితే ప్రాణాలు పోతాయి. అందుకని కాసేపు ఆగి తాడు కట్టిన దీపం దించారు. అది ఆరిపోయింది. ఎండ నడినెత్తికొచ్చాక మళ్లీ దించితే నిలకడగా వెలిగింది. నా చిన్ననాటి ఊరు ఆ వెలుతురులో కనిపించింది. అంచుల్లో గింజలు నల్లబడ్డాయి గానీ నడుమ లేత పసుపు రంగులో మెరుస్తున్నాయి. ఆ మాగుడు వాసన వీధంతా పాకింది.

ఆ వేసవంతా మా బావి దగ్గర గడ్డపారల చప్పుడే. నీళ్లు మాత్రం పడలేదు, తవ్వకం తడి మట్టి దాకా వచ్చి ఆగింది. నాయన రోజూ గొణిగాడు. అయినా మూటలు దించినవాళ్లెవరూ మళ్లీ ఎత్తుకోలేదు. సాయంత్రమైతే ఇంటింటా జొన్న సంగటి వాసన. ఇదంతా పుస్తకంలో ఉందని జేజికి చెప్పాలని నాలుక దురద పెట్టింది గానీ, మచ్చల సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

పాతర అడుగు కనిపించిన రోజు జేజి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తోంది. ఇన్నేళ్లు ఎవరినీ ముట్టనివ్వలేదు, ఇప్పుడెందుకు తీయించావని అడిగాను.

"నా చిన్నప్పుడు గూడా ఇట్లే కరువొచ్చె. మా నాయన చెడ్డోడు కాదప్పా. ఇంకా గడ్డుకాలం ముందుండాదేమో, అప్పుడు తీద్దాం అన్నాడు. మా తమ్ముడు అందాక ఆగలేకపోయినాడు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఏడవలేదు. చీర కొంగుకు అంటిన గింజను తీసి నా అరచేతిలో పెట్టింది.

"వాణ్ణి పూడ్చినాక పాతర తీసిరి. జొన్నలు ఒక్క గింజ గూడా చెడలేదు నాయనా."